గల్ఫ్ టికెట్: శంషాబాదా.. ముంబైనా? చవక టికెట్ వెనక అసలు లెక్క ఇదీ!

గల్ఫ్ టికెట్ బుక్ చేసే టైమ్‌లో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో చాలా ఇళ్లల్లో వచ్చే ప్రశ్న ఒక్కటే. హైదరాబాద్ నుంచి పోవాలా? ముంబై నుంచి పోవాలా? ఫోన్‌లో చూస్తే ముంబై టికెట్ కొన్నిసార్లు మూడు నాలుగు వేలు తక్కువ కనిపిస్తుంది. మిత్తికి తెచ్చిన పైసలతో ప్రయాణం కట్టేవాళ్లకు ఆ మూడు వేలు చిన్న మొత్తమేం కాదు. కానీ టికెట్ మీద మిగిలినట్టు కనిపించే డబ్బు దారిలోనే ఖర్చయిపోతే? బస్సు లేటై విమానం వెళ్లిపోతే? ఏజెంట్ దూరపు ఎయిర్‌పోర్టే ఎందుకు పెట్టాడో తెలియకపోతే? టికెట్ కొనేముందు చూసుకోవాల్సిన లెక్కలు ఇవే.

ముంబై దారి ఎందుకు పడింది?

'బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి'.. ఉత్తర తెలంగాణలో బతుకుదెరువు గురించి పెద్దలు ఇలాగే చెప్పేవాళ్లు. ఊళ్లో పని లేకపోతే ఉన్న దారులు ఈ మూడే అని దాని అర్థం. సిరిసిల్ల నేత కార్మికులు మరమగ్గాల పని కోసం భివండికి, ముంబైకి వలస వెళ్లారు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లడం మొదలైంది. అప్పట్లో రిక్రూటింగ్ ఏజెన్సీలు, ట్రేడ్ టెస్టులు, వీసా స్టాంపింగ్, విమానాలు చాలావరకు బొంబాయిలోనే ఉండేవి. అందుకే గల్ఫ్ అంటే ముందు బొంబాయి బస్సెక్కడమే.

2008 మార్చిలో శంషాబాద్‌లో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం మొదలైంది. అంతకుముందు బేగంపేటే దిక్కు. ఇప్పుడు శంషాబాద్ నుంచి దుబాయ్, అబుదాబి, షార్జా, దోహా, మస్కట్, కువైట్, బహ్రెయిన్‌తో పాటు సౌదీ నగరాలకూ నేరుగా విమానాలున్నాయి. అయినా ముంబై అలవాటు పూర్తిగా పోలేదు. దానికి కారణాలు లేకపోలేదు.

ముంబై టికెట్ ఎందుకు చవక?

మొదటి కారణం పోటీ. ముంబై నుంచి గల్ఫ్‌కు వెళ్లే విమానాలు ఎక్కువ, కంపెనీలూ ఎక్కువ. ఒకే రోజు ఒకే ఊరికి నాలుగైదు కంపెనీలు పోటీ పడితే రేటు దిగుతుంది. చివరి నిమిషంలో సీటు దొరికే అవకాశం కూడా అక్కడే ఎక్కువ.

రెండోది చాలామందికి తెలియని విషయం. రెండు దేశాల మధ్య వారానికి ఎన్ని సీట్లు నడపాలో ప్రభుత్వాల మధ్య ఒప్పందం ఉంటుంది. ఇండియా, దుబాయ్ మధ్య ఒక్కో వైపు వారానికి సుమారు 66 వేల సీట్లకు పరిమితి ఉంది. డిమాండ్ పెరిగినా సీట్లు అంత తేలిగ్గా పెరగవు. అందుకే సెలవుల సీజన్‌లో దుబాయ్ టికెట్ చుక్కలు చూపిస్తుంది. అయితే షార్జా, అబుదాబిలకు ఈ లెక్క వేరుగా ఉంటుంది. దుబాయ్ రేటు మండిపోతున్న రోజున షార్జా టికెట్ తక్కువలో దొరకడానికి ఇదీ ఒక కారణం.

మూడోది.. ఎయిర్‌పోర్టులు వసూలు చేసే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు. ఇది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. టికెట్ ధరలోనే కలిసిపోతుంది కాబట్టి చాలామంది దీన్ని గమనించరు.

ఏది ఎంత దూరం?

శంషాబాద్: సిరిసిల్ల నుంచి సిద్దిపేట మీదుగా దాదాపు 180 కిలోమీటర్లు. జగిత్యాల నుంచి 230, కోరుట్ల నుంచి 250 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. రాజీవ్ రహదారి మీద వచ్చేవాళ్లు శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే సిటీ ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా పోవచ్చు. కోరుట్ల, మెట్‌పల్లి వాళ్లు ఆర్మూర్ వెళ్లి 44వ నంబర్ జాతీయ రహదారి పట్టుకుని మేడ్చల్ దగ్గర ఔటర్ ఎక్కే దారి కూడా ఉంది. ఆర్టీసీ బస్సులో వచ్చేవాళ్లకు సికింద్రాబాద్ జేబీఎస్‌లో దిగితే అక్కడి నుంచి ఎయిర్‌పోర్టుకు పుష్పక్ బస్సులున్నాయి.

ముంబై: 700 కిలోమీటర్ల పైమాటే. ప్రైవేటు ట్రావెల్స్ బస్సులో ఒక రాత్రంతా, ఆ తర్వాత మరో సగం పొద్దు గడిచిపోతుంది. రైలు కావాలంటే కరీంనగర్ నుంచి ముంబై లోకమాన్య తిలక్ టెర్మినస్‌కు వీక్లీ ఎక్స్‌ప్రెస్ ఉంది. అది లింగంపేట జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిజామాబాద్ మీదుగా వెళ్తుంది. వారానికి ఒక్కసారే కాబట్టి ఫ్లైట్ తేదీకి కలవడం కష్టం. రోజూ ఉండే రైలు కావాలంటే నిజామాబాద్ వెళ్లి దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి.

నాగపూర్: మంచిర్యాల వైపు నుంచి చూస్తే ముంబైలో సగం దూరమే. షార్జా, దోహాలకు అక్కడి నుంచి అంతర్జాతీయ సర్వీసులు నడుస్తూ వచ్చాయి. కానీ విమానాలు తక్కువ. ఒకటి రద్దయితే మరో విమానం కోసం రోజుల తరబడి ఆగాల్సి రావచ్చు.

నాందేడ్: దగ్గరే కానీ అక్కడివి దేశీయ సర్వీసులే. నేరుగా గల్ఫ్ వెళ్లడానికి పనికిరాదు.

అసలు లెక్క వేసి చూద్దాం

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇవి కేవలం లెక్క అర్థం కావడానికి వేసుకున్న అంకెలు. కోరుట్ల మనిషి ఒకరు దుబాయ్ వెళ్లాలి. హైదరాబాద్ టికెట్ రూ.16,000, ముంబై టికెట్ రూ.12,500 అనుకుందాం. చూడ్డానికి తేడా రూ.3,500.

హైదరాబాద్ దారి ఖర్చు ఇలా ఉంటుంది:
- జేబీఎస్ వరకు బస్సు: రూ.450
- అక్కడి నుంచి ఎయిర్‌పోర్టుకు: రూ.350
- తిండి, టీ: రూ.200
- దారి ఖర్చు రూ.1,000. టికెట్‌తో కలిపి రూ.17,000

ముంబై దారి ఖర్చు ఇలా:
- బస్సు: రూ.1,800
- రెండు పూటల తిండి: రూ.500
- బస్సు దిగాక ఆటో లేదా క్యాబ్: రూ.500
- ఫ్లైట్ టైమ్ వరకు ఉండటానికి లాడ్జి: రూ.900
- దారి ఖర్చు రూ.3,700. టికెట్‌తో కలిపి రూ.16,200

అంటే 3,500 మిగులుతాయనుకుంటే చివరికి చేతిలో మిగిలింది 800. దానికోసం ఒకటిన్నర రోజు ప్రయాణం, సామాన్ల మోత, నిద్ర లేని రాత్రి. లాడ్జి అవసరం పడకపోతే మిగులు 1,700 అవుతుంది. అదే టికెట్ తేడా 2,700 కంటే తక్కువైతే మాత్రం లాడ్జి తీసుకున్న మనిషికి ముంబై దారి నష్టమే.

అందుకే ఒక సులువైన సూత్రం గుర్తు పెట్టుకోవచ్చు. ముంబై దారికి అదనంగా అయ్యే ఖర్చు ఎంతో ముందు లెక్క వేయాలి. టికెట్ తేడా దానికి కనీసం రెట్టింపు ఉంటేనే అటు ఆలోచించాలి. పై ఉదాహరణలో అదనపు ఖర్చు రూ.2,700. కాబట్టి తేడా ఐదున్నర వేలకు తగ్గితే శంషాబాదే మేలు.

నలుగురు కలిసి పోతుంటే లెక్క మళ్లీ మారుతుంది. శంషాబాద్‌కు కారు కిరాయి రూ.6,000 అనుకుంటే మనిషికి రూ.1,500 పడుతుంది. ఇంటి ముందు ఎక్కి ఎయిర్‌పోర్టు ముందు దిగొచ్చు. సాగనంపడానికి ఇంట్లోవాళ్లూ వచ్చే వీలుంటుంది. రెండేళ్ల దాకా మళ్లీ చూడలేని మనిషిని విమానాశ్రయం దాకా పంపి రావడం చాలా కుటుంబాలకు డబ్బుతో కొలిచే విషయం కాదు.

బడ్జెట్ విమానంలో దాగిన ఖర్చులు

చవక టికెట్ అంటే చాలావరకు సీటు ఒక్కటే. తిండి, సీటు ఎంచుకోవడం, ఎక్కువ లగేజీ.. అన్నింటికీ వేరుగా కట్టాలి. చేతి సంచి సాధారణంగా 7 కిలోలే. చెక్ ఇన్ లగేజీ ఎంత అన్నది టికెట్ రకాన్ని బట్టి, వెళ్లే దిక్కును బట్టి కూడా మారుతుంది. ఇక్కడి నుంచి వెళ్లేటప్పుడు ఒక బరువు, అక్కడి నుంచి వచ్చేటప్పుడు మరో బరువు ఇచ్చే కంపెనీలున్నాయి. రెండు టికెట్లు పోల్చేటప్పుడు లగేజీ బరువు ఒకటేనా కాదా చూడాలి. 20 కిలోల టికెట్‌ను 30 కిలోల టికెట్‌తో పోలిస్తే లెక్క తప్పుతుంది. కౌంటర్ దగ్గర కిలోకి ఇంతని కట్టాల్సి వస్తే మిగిలిందంతా అక్కడే పోతుంది.

పచ్చళ్లు, సకినాలు, గారెప్పలు కట్టుకుని పోయేవాళ్లు ఇంట్లోనే తూకం వేసుకోవడం మంచిది. తిరిగొచ్చేటప్పుడు ఇంకా జాగ్రత్త. దుప్పట్లు, సబ్బులు, చాక్లెట్లు నింపిన కార్టన్ పెట్టెలతో ముంబైలో దిగి, అక్కడి నుంచి బస్సు పట్టుకుని మళ్లీ రాత్రంతా ప్రయాణం చేయాలి. బస్సులో లగేజీకి వేరే చార్జీ ఉంటుంది. సామాను పోతే అడిగే దిక్కుండదు.

ముంబైలో ఇప్పుడు రెండు ఎయిర్‌పోర్టులు

ఇది కొత్త చిక్కు. నవీ ముంబై విమానాశ్రయం 2025 అక్టోబర్ 8న ప్రారంభమైంది. అదే ఏడాది డిసెంబర్ 25 నుంచి ప్రయాణికుల విమానాలు మొదలయ్యాయి. పాత ఎయిర్‌పోర్టుకు, దీనికి మధ్య ముంబై ట్రాఫిక్‌లో గంటకు పైగా పట్టే దూరం. కాబట్టి టికెట్ మీద 'ముంబై' అని చూసి ఊరుకోవద్దు. పాత ఎయిర్‌పోర్టు కోడ్ బీఓఎం. నవీ ముంబై కోడ్ ఎన్ఎంఐ. కోడ్ చూడకుండా క్యాబ్ ఎక్కితే ఒక చోటికి బదులు మరో చోట దిగే ప్రమాదముంది.

పాత ఎయిర్‌పోర్టులోనూ రెండు టెర్మినళ్లున్నాయి. అంతర్జాతీయ విమానాలు సహార్ వైపున్న టెర్మినల్ 2 నుంచి వెళ్తాయి. శాంతాక్రజ్ వైపున్న టెర్మినల్ 1 దేశీయ విమానాలకు. రెండింటికీ దారులు వేరు.

ఇలా ఒకే నగరం పేరు మీద దూరపు ఎయిర్‌పోర్టును అమ్మడం ప్రపంచంలో కొత్త కాదు. యూరప్‌లో బడ్జెట్ కంపెనీలు 'పారిస్' అని చెప్పి దింపే బోవే విమానాశ్రయం పారిస్‌కు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 'ఫ్రాంక్‌ఫర్ట్' పేరుతో నడిచే హాన్ విమానాశ్రయం ఆ నగరానికి 100 కిలోమీటర్ల అవతల ఉంది. టికెట్ చవకే, కానీ అక్కడి నుంచి ఊళ్లోకి రావడానికి మళ్లీ చేతి చమురు వదులుతుంది.

దిగే చోటు కూడా ముఖ్యమే

బయల్దేరే ఎయిర్‌పోర్టు చూస్తాం కానీ దిగే ఎయిర్‌పోర్టు గురించి చాలామంది ఆలోచించరు. ఒక్క యూఏఈలోనే దుబాయ్‌లో రెండు, షార్జా, అబుదాబి, రస్ అల్ ఖైమా ఎయిర్‌పోర్టులున్నాయి. క్యాంపు ఎక్కడుందో దాన్ని బట్టి ఎంచుకోవాలి.

దుబాయ్ సోనాపూర్ క్యాంపుల్లో ఉండేవాళ్లకు షార్జాలో దిగినా పెద్ద ఇబ్బంది లేదు. ఆ ప్రాంతం షార్జా సరిహద్దుకు దగ్గరే. జెబెల్ అలీలో ఉండేవాళ్లకు మాత్రం షార్జా చాలా దూరం. అబుదాబిలోని ముసఫ్ఫా క్యాంపు వాళ్లు చవకగా ఉందని షార్జాలో దిగితే 150 కిలోమీటర్ల పైన రోడ్డు మీద పోవాలి. కంపెనీ బండి పంపకపోతే ఆ టాక్సీ కిరాయికి టికెట్‌లో మిగిలింది చాలదు. మొదటిసారి వెళ్లేవాళ్లు కంపెనీ బండి ఏ ఎయిర్‌పోర్టుకు వస్తుందో ముందే అడిగి తెలుసుకోవాలి.

వేర్వేరు టికెట్లతో పెద్ద రిస్క్

కొందరు హైదరాబాద్ నుంచి ముంబైకి ఒక టికెట్, అక్కడి నుంచి గల్ఫ్‌కు మరో టికెట్ విడిగా కొంటారు. కలిపి చూస్తే చవకే. కానీ మొదటి విమానం లేటై రెండోది వెళ్లిపోతే, వేరు టికెట్లు కాబట్టి రెండో కంపెనీకి బాధ్యత ఉండదు. టికెట్ డబ్బు పోయినట్టే. బస్సు, రైలు లేటైనా అంతే. ఒకే బుకింగ్ మీద, ఒకే పీఎన్‌ఆర్‌తో ఉన్న కనెక్టింగ్ టికెట్‌లో అయితే తర్వాతి విమానంలో పంపే బాధ్యత విమాన సంస్థదే.

ఇంకో ప్రమాదం.. షార్జాలో దిగి దుబాయ్ నుంచి మరో దేశానికి విమానం ఎక్కేలా విడి టికెట్లు కొనడం. ఒక ఎయిర్‌పోర్టు నుంచి బయటకు వచ్చి మరో ఎయిర్‌పోర్టుకు వెళ్లాలంటే ఆ దేశపు వీసా ఉండాలి. అది లేకపోతే ఇక్కడే విమానం ఎక్కనివ్వకపోవచ్చు.

ముంబై వెళ్లక తప్పని వాళ్లు బస్సులో అయినా, రైల్లో అయినా ఫ్లైట్ కంటే ముందు రోజే అక్కడ ఉండేలా చూసుకోవాలి. వానాకాలంలో ముంబైలో రైళ్లు, రోడ్లు ఎప్పుడు ఆగుతాయో చెప్పలేం. వీసా గడువు దగ్గర పడ్డవాళ్లు, సెలవు ముగిసి డ్యూటీలో చేరాల్సిన తేదీ ఉన్నవాళ్లు ఈ రిస్క్ అసలు తీసుకోకూడదు. విమానం మిస్సై చేరే తేదీ దాటితే పోయేది టికెట్ కాదు, కొలువు.

ఏజెంట్ దూరపు ఎయిర్‌పోర్టే ఎందుకు అంటున్నాడు?

అన్నింటికంటే ముఖ్యమైన విషయం ఇదే. చవక అని కాకుండా, 'ఇక్కడైతే ఆపుతారు, అటు నుంచి పోదాం' అని ఏజెంట్ చెబితే అక్కడే ఆగి ఆలోచించాలి. ఇమిగ్రేషన్ రూల్స్ దేశంలోని అన్ని ఎయిర్‌పోర్టుల్లో ఒకటే. కాగితాలు సరిగ్గా ఉన్నవాళ్లను ఎక్కడా ఆపరు. ఎయిర్‌పోర్టు మార్చాలంటున్నాడంటే కాగితాల్లోనే ఏదో లోపం ఉందని అనుమానించాలి.

పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ కేటగిరీలో ఉంటుంది. వాళ్లు పని కోసం గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ నుంచి క్లియరెన్స్ తీసుకోవాలి. దీన్ని తప్పించుకోవడానికే కొందరు ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపి, అక్కడికి వెళ్లాక పని వీసా ఇప్పిస్తామంటారు. అక్కడ మాట తప్పితే ఆ మనిషి ఖల్లివల్లిగా మిగిలిపోతాడు. జీతం రాకపోయినా, జబ్బు చేసినా అడిగే హక్కు ఉండదు.

క్లియరెన్స్‌తో వెళ్తే ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రూ.10 లక్షల బీమా ఉంటుంది. దానికి కట్టాల్సింది రెండేళ్లకు రూ.275, మూడేళ్లకు రూ.375 మాత్రమే. లైసెన్స్ ఉన్న రిక్రూటింగ్ ఏజెంట్ తీసుకోవాల్సిన ఫీజు కూడా రూ.30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంతకు మించి అడిగితే రూల్‌కు విరుద్ధం. ఏజెంట్‌కు లైసెన్స్ ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. మీసేవ లేదా నెట్ సెంటర్ వాళ్లతో ఐదు నిమిషాల్లో చూపించుకోవచ్చు.

కంపెనీ టికెట్ అయితే?

చాలా కంపెనీలు రెండేళ్లకోసారి సెలవు టికెట్ ఇస్తాయి. అడగకపోతే ఏది చవకైతే అది, అంటే ఎక్కువసార్లు ముంబై టికెట్ చేతిలో పెడతారు. టికెట్ తీయకముందే ఆఫీసులో చెప్పి 'హైదరాబాద్' అని రాయించుకోవాలి. ఇంటికి దగ్గరి ఎయిర్‌పోర్టు వరకు టికెట్ ఇస్తామని కాంట్రాక్టులో ఉంటే అది చూపించి అడగొచ్చు. ఒకసారి టికెట్ తీశాక మార్చాలంటే చార్జీలు మనిషి మీదే పడతాయి.

ముంబై మీదుగా హైదరాబాద్‌కు కనెక్టింగ్ టికెట్ ఇస్తే మరో విషయం గుర్తుంచుకోవాలి. ఇండియాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్, కస్టమ్స్ పూర్తి చేయాలి. సాధారణంగా ముంబైలోనే లగేజీ తీసుకుని, కస్టమ్స్ దాటాక మళ్లీ ఇవ్వాల్సి ఉంటుంది. మధ్యలో కనీసం మూడు, నాలుగు గంటల టైమ్ ఉండేలా చూసుకోవాలి.

మరి ముంబై ఎవరికి లాభం?

ముంబై దారి అందరికీ నష్టం అనలేం. భివండిలో అన్నదమ్ములో, మేనమామలో ఉన్న సిరిసిల్ల వాళ్లకు లాడ్జి, తిండి ఖర్చు తప్పుతుంది. ఒక రోజు ముందే వెళ్లి, వాళ్లింట్లో ఉండి, తీరిగ్గా ఫ్లైట్ ఎక్కొచ్చు. ట్రేడ్ టెస్ట్, ఇంటర్వ్యూ పని ముంబైలోనే ఉన్నవాళ్లకూ అదే సరి. దసరా, సంక్రాంతి, రంజాన్ సీజన్‌లో హైదరాబాద్ టికెట్ రెట్టింపైనప్పుడు, లేదా సీటే దొరకనప్పుడు ముంబై ఆదుకుంటుంది.

ఇంట్లో చావు, జబ్బు లాంటి కబురు వచ్చి పరుగున రావాల్సిన వాళ్లకు మాత్రం లెక్క వేరు. అప్పుడు టికెట్ ధర కాదు, ఇంటి గడప ఎన్ని గంటల్లో తొక్కుతామన్నదే లెక్క. ముంబైలో దిగి రోడ్డు మీద పదిహేను గంటలు పోవడం కంటే రెండు వేలు ఎక్కువైనా శంషాబాద్‌లో దిగడమే నయం.

దగ్గర్లో ఎయిర్‌పోర్టు వస్తుందా?

శంషాబాద్ ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు 25 ఏళ్లపాటు మరో ఎయిర్‌పోర్టు రాకూడదన్న షరతు ఉంది. వరంగల్ మామునూరు విషయంలో శంషాబాద్ నిర్వహణ సంస్థ అభ్యంతరం లేదని చెప్పడంతో 2025లో కేంద్రం అక్కడ విమానాశ్రయానికి ఓకే చెప్పింది. రామగుండం దగ్గరి బసంత్‌నగర్ పాత ఎయిర్‌స్ట్రిప్ గురించీ ఏళ్లుగా చర్చ నడుస్తోంది. ఇవి వచ్చినా మొదట దేశీయ విమానాలే. గల్ఫ్ ప్రయాణికులకు ఇప్పట్లో శంషాబాదే దగ్గరి గడప.

టికెట్ కొనేముందు ఈ 7 చూసుకోండి

- ఎయిర్‌పోర్టు కోడ్ ఏంటి? బీఓఎమ్మా, ఎన్ఎంఐనా?
- చెక్ ఇన్ లగేజీ ఎన్ని కిలోలు? రెండు టికెట్లలో ఒకటేనా?
- ఇంటి నుంచి ఎయిర్‌పోర్టు వరకు మొత్తం ఖర్చెంత?
- ఒకే పీఎన్‌ఆరా, వేర్వేరు టికెట్లా?
- దిగే ఎయిర్‌పోర్టు క్యాంపుకు ఎంత దూరం?
- ఫ్లైట్ మిస్సైతే వీసా, డ్యూటీ తేదీలకు ఇంకా టైమ్ ఉందా?
- ఎయిర్‌పోర్టు ఎంచుకున్నది ఎవరు? ఏజెంట్ అయితే కారణం ఏంటి?

ఈ ఏడింటికీ జవాబు దొరికాకే డబ్బు కట్టాలి. టికెట్ చూడ్డానికి చవకగా ఉంటే చాలదు, ఇంటి నుంచి క్యాంపు గేటు దాకా లెక్క వేసినా చవకగానే ఉండాలి.